"కాస్త ధైర్యం చెప్పండి" అని వచ్చేవారికి

బరంపురంలో కౌన్సెలర్‌గా నా దగ్గరకు ఒడియావారూ వస్తారు, తెలుగువారూ వస్తారు. మనవాళ్లు కూర్చోగానే అనే మాట దాదాపు ఒకటే: "కాస్త ధైర్యం చెప్పండి." చెబితే వచ్చేదైతే ఇంట్లో అమ్మమ్మ ఎప్పుడో చెప్పేసేది.

అపోహ: ముందు ధైర్యం రావాలి, తర్వాతే నిర్ణయం.

వాస్తవం: నేను చూసినంతలో వరుస తిరగబడే ఉంటుంది. ఆనవాళ్లు మార్చి ఒకరి సంగతి చెబుతాను. గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లినవారు ఎందరో. ఈయనకు అక్కడ పదహారేళ్ల పని. సెలవుకు వచ్చి, ఇక్కడే అప్పడాల వ్యాపారం పెట్టుకుందామనుకున్నారు. తిరుగు టికెట్‌ను మూడుసార్లు రద్దు చేయించి మళ్లీ తీయించారు. నాలుగోది చొక్కా జేబులోంచి తీసి బల్ల మీద పెట్టారు. మడత దగ్గర చిరుగు పట్టింది. "వెళ్లమంటారా, ఉండమంటారా?" అన్నారు.

నేను రెండూ అనలేదు. యజమానికి ఫోను చేసి రెండు నెలలు గడువు అడగమన్నాను. అంతవరకు తెలిసినవారి దగ్గర అప్పడాల పనికి కూలికి కుదరమన్నాను. పిండి పాకం వారంలో పట్టుబడింది. ముసురు పట్టిన రోజుల్లో ఎండ లేక అప్పడాలు ఆరవని, ఆ రోజుల ఖర్చు చేతి నుంచి పెట్టుకోవాలని కూడా తెలిసింది. "ఏమవుతుందో" అన్న దిగులు, "వానాకాలం గడవడానికి ఎంత కావాలి" అన్న లెక్కలోకి దిగింది. భయం అలాగే ఉంది, కానీ ఇప్పుడు దాన్ని కాగితం మీద వేసుకోవచ్చు.

అపోహ: భయం వేస్తోందంటే అది తప్పు నిర్ణయమే.

వాస్తవం: పోగొట్టుకునేది ఉంది కనుక భయం. వంద దొరికిన సంతోషం కన్నా వంద పోయిన బాధే పెద్దదని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు.

అపోహ: ఏదీ తేల్చకుండా ఉంటే నష్టం లేదు.

వాస్తవం: అమెరికా ఆర్థికవేత్త స్టీవెన్ లెవిట్, ఉద్యోగం మానడం వంటి విషయాల్లో ఎటూ తేల్చుకోలేని వారితో ఇంటర్నెట్‌లో బొమ్మా బొరుసా వేయించారు. ఆరు నెలల తర్వాత అడిగితే, ఉన్నచోటే ఉన్నవారి కన్నా మారినవారే ఎక్కువ సంతోషంగా ఉన్నామన్నారు. 2021లో అచ్చయిన ఈ పరిశోధన పట్టుకొచ్చి నాతో వాదించే కుర్రవాళ్లున్నారు. వాళ్లకు నా జవాబు: అందులో పాల్గొన్నవారు ముందునుంచీ ఊగిసలాడుతున్నవారే. కుదురుగా ఉన్నవారిని లేచిపొమ్మని అది చెప్పలేదు.

అపోహ: ధైర్యవంతులు ఒక్క ఊపులో దూకేస్తారు.

వాస్తవం: మా ఊళ్లో దీనికి అందరూ చెప్పే పేరు వి.వి.గిరి. ఇక్కడే పుట్టారు. 1969లో ఉపరాష్ట్రపతి పదవి వదిలి, స్వతంత్రుడిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలిచారు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించాక గానీ గెలుపు తేలలేదు. అయితే పదవి వదలడం ఆయనకు అదే మొదటిసారి కాదు. బ్యాంకు ఉద్యోగుల వివాదంలో 1954లోనే కేంద్ర కార్మిక మంత్రి పదవికి రాజీనామా చేశారు. జనానికి దూకడమే గుర్తుంటుంది, వెనక ఉన్న పరుగు గుర్తుండదు.

"ఈ వయసులోనా?" అనేవారికి పర్లాకిమిడి మాట ఒక్కటి చెబుతాను. 1936లో ఆ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు, దాన్ని విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయేనాటికి గిడుగు రామమూర్తికి డెబ్బై దాటాయి.

రెండుచోట్ల మాత్రం ఈ నిదానం పనికిరాదు, లేదా చాలదు. ఇంట్లో దెబ్బలు తింటున్న మహిళకు లాభనష్టాల పట్టిక అక్కర్లేదు, ముందు భద్రమైన చోటు కావాలి. మహిళల సహాయవాణి 181కి ఫోను చేయవచ్చు. ఇక వారాల తరబడి నిద్ర, ఆకలి, దేనిమీదా ఆసక్తి లేకపోతే పెద్ద నిర్ణయాలు పక్కనపెట్టి వైద్యుణ్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

అప్పడాల ఆయన రెండు నెలలయ్యాక సూరత్‌కే వెళ్లారు, వానాకాలానికి సరిపడా డబ్బు కూడబెట్టుకుని వస్తానని. ఈసారి టికెట్ ఒక్కసారే తీశారు.