పరుపు తడిసిందంటే మూత్రం పోసినట్టు కాదు

బండి గుద్దో, మేడ మీద నుంచి పడో, వెన్నెముకలో డిస్క్ జారో వెనక కాళ్లు పడిపోయిన కుక్కను తిరుపతిలో నా దగ్గరికి తెస్తుంటారు. మూత్రం పోస్తోందా అని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే జవాబు: "పోస్తోంది సార్, పరుపంతా తడిపేస్తోంది."

అపోహ: పరుపు తడుస్తోంది కాబట్టి మూత్రానికి ఇబ్బంది లేదు.

వాస్తవం: చాలాసార్లు అది నిండి పొర్లుతున్న మూత్రం. వెన్నుపాము దెబ్బతింటే మూత్రాశయం నిండిన సంగతి మెదడుకు చేరదు. అది ఉబ్బి ఉబ్బి, ఇక పట్టక చుక్కచుక్కగా కారుతుంది. అలాగే వదిలేస్తే కండరం సాగిపోతుంది. తర్వాత నరాలు కోలుకున్నా సరిగా ముడుచుకోదు. ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా పోవచ్చు.

చంద్రగిరి వైపు నుంచి ఒకాయన డాక్స్‌హండ్ జాతి కుక్కను తెచ్చారు. రోజూ కాళ్లకు నూనె రాస్తున్నారు, రాత్రిళ్లు దాని పక్కనే పడుకుంటున్నారు. పొట్ట తడిమితే బంతిలా గట్టిగా తగిలింది. మెల్లగా నొక్కితే ట్రే నిండింది. "ఇంత ఉందా సార్ లోపల!" అని ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అంత ప్రేమగా చూసుకునే మనిషికి ఈ ఒక్క విషయం ఎవరూ చెప్పలేదు.

ఇలా నొక్కి మూత్రాశయాన్ని ఖాళీ చేయడం డాక్టర్ దగ్గర ఒకసారి చేతులతో చేసి నేర్చుకోండి. తొడలకు కాస్త ముందు, పొట్టకు రెండు పక్కలా అరచేతులు ఆనించి, నిదానంగా తోకవైపు నొక్కాలి. వేళ్లతో పొడవకూడదు. రోజుకు 3, 4 సార్లు చేయాలి. రాకపోతే బలవంతం చేయొద్దు, మూత్రాశయం చిట్లవచ్చు, వెంటనే తీసుకురండి. రక్తం కనిపించినా, వాసన మారినా పరీక్ష చేయించాలి.

మిగతావి గబగబా చెప్తాను. మనుషుల నొప్పి మాత్రలు వేయొద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. "నడిపిస్తే కాళ్లొస్తాయి" అని పక్కింటివాళ్లు చెప్పేది నమ్మొద్దు. ఆపరేషన్ లేకుండా మందులతో చూసే డిస్క్ కేసులో సాధారణంగా 4 నుంచి 6 వారాలు బోనులోనే విశ్రాంతి. పుండ్లు పడకుండా కొన్ని గంటలకోసారి పక్క మార్చండి.

కాలివేలు గిచ్చితే కాలు లాక్కుంది కాబట్టి స్పర్శ ఉందనుకోవద్దు. మెదడుతో పని లేకుండానే కాలు అలా కదులుతుంది. నొప్పి తెలిస్తే కుక్క తల తిప్పి చూడాలి, లేదా అరవాలి, లేదా కరవబోవాలి. ఇవేవీ లేకపోతే ఆ రోజే సర్జన్‌కు చూపించాలి. ఊళ్లోనే వెటర్నరీ కాలేజీ ఉంది, రేపటికి వాయిదా వేయొద్దు. నొప్పి తెలుస్తుంటే మాత్రం టెన్షన్ పడి ప్రాణం తీసే ఇంజక్షన్ అడగకండి. అలాంటి డిస్క్ కేసుల్లో సరైన వైద్యంతో ఎక్కువ కుక్కలు మళ్లీ నడుస్తాయి.