ఒంటి చక్రం ట్రైలర్: తగిలించడంలో, విప్పడంలో అపోహలు - వాస్తవాలు

విశాఖ ఎంవీపీ కాలనీలో సైకిళ్లు బాగుచేస్తాను. నా సైకిల్ వెనకాల సామాను మోసే ఒంటి చక్రం బండి, అంటే ట్రైలర్, తగిలించుకుని బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా వెళ్లొస్తుంటాను. ఆగిన చోటల్లా ఒకటే ప్రశ్న: "అన్నా, మలుపులో పడిపోదా?" నడుస్తున్నంతసేపూ భయం లేదు. పడేదల్లా ఆగి ఉన్నప్పుడే.

అపోహ: ఒక్క చక్రం కాబట్టి బ్యాలెన్సు ఉండదు.

సైకిల్ ఎటు వాలితే ట్రైలరూ అటే వాలుతుంది. దాని చక్రం దాదాపు మన వెనక చక్రం జాడలోనే వస్తుంది. గుంతని మనం తప్పిస్తే అదీ తప్పుకుంటుంది. కాకపోతే బరువైన సామాను అడుగున, నడిమధ్యన ఉండాలి. పేరున్న బాబ్ యాక్ మోడల్‌కి కంపెనీ పెట్టిన హద్దు దాదాపు 32 కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తా వేశాక పెద్దగా చోటు మిగలదన్నమాట.

అపోహ: సామానంతా సర్దేసి, ఆఖర్న సైకిల్‌కి తగిలిస్తే సరి.

ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. ఈ ట్రైలర్ తనంతట తాను నిలబడదు. నిండు ట్రైలర్‌ని ఒక చేత్తో, సైకిల్‌ని ఇంకో చేత్తో పట్టుకుంటే రెండూ కలిసి మీద పడతాయి.

నేను చేసే వరస ఇది. సైకిల్‌ని గోడకి ఆనించండి. ఖాళీ ట్రైలర్ తెచ్చి, దాని ముందుండే ఫోర్కు రెండు కొమ్ముల మధ్యకి సైకిల్ వెనక చక్రం వచ్చేలా పెట్టండి. కొమ్ములు పైకెత్తి, ఇరుసు చివర్లలో గాడి ఉన్న నట్ల మీద ముందు ఒక పక్క, తర్వాత రెండో పక్క దించండి. కొమ్ములు గాడిలోంచి లేవకుండా ఆపే రెండు పిన్నులూ పూర్తిగా దూర్చండి. ఫోర్కుని పట్టుకుని గట్టిగా పైకి లాగి చూడండి. అది లేవకపోతేనే సామాను ఎక్కించండి.

విప్పేటప్పుడు తిరగేసి చెయ్యాలి: ముందు సామాను, తర్వాత పిన్నులు. బరువుండగా ఒక పిన్ను లాగితే ఫోర్కు మెలిపడి ట్రైలర్ పక్కకి ఒరుగుతుంది.

అపోహ: బరువే పట్టి ఉంచుతుంది, పిన్నులు పేరుకే.

ఒకసారి ఋషికొండ దాటాక స్పీడ్ బ్రేకర్ మీద నా ట్రైలర్ ఎగిరింది. ఎడమ పిన్ను సగమే దిగి ఉంది. ఆ పక్క కొమ్ము గాడిలోంచి లేచిపోయింది. ట్రైలర్ అడ్డం తిరిగి కుడి కొమ్ము మీద వేలాడుతూ పది గజాలు ఈడ్చుకొచ్చింది. వెనకాల ఆర్టీసీ బస్సు. ఆ రోజు నుంచి పిన్నులకి ఎర్ర రిబ్బను ముక్కలు కట్టాను, దూరం నుంచే కనబడేలా. మన ఉప్పు గాలికి పిన్నులు తొందరగా తుప్పు పడతాయి, గ్రీజు తప్పదు.

అపోహ: ఏ సైకిల్‌కైనా పడుతుంది.

పాత రకం నల్ల సైకిళ్లలో స్టాండు, మడ్‌గార్డు ఊచలు, క్యారియర్ కాళ్లు అన్నీ వెనక ఇరుసు మీదే ఉంటాయి. గాడి నట్టుకి మర మిగలదు. రెండు మూడు చుట్ల మీద బిగించమంటే నేను బిగించను, ఎంత బతిమాలినా సరే. కొత్త గేరు సైకిళ్లలో క్విక్ రిలీజ్ (మీట తిప్పి చక్రం ఊడదీసే ఏర్పాటు) ఉన్నవాటికి ట్రైలర్ తగిలించే కడ్డీ వేరు, త్రూ యాక్సిల్ (ఫ్రేములోకి మరతో బిగిసే లావుపాటి ఇరుసు) వాటికి వేరు.

ఇక వెనక్కి నెట్టే సంగతి: ట్రైలర్ మడతపడి కొమ్ము టైరుకి తగులుతుంది. ఇరుకు సందులో తిప్పాలంటే దిగి, ట్రైలర్ వెనక భాగం పట్టుకుని పక్కకి జరపండి. సైకిల్‌ని ఇంకొకరు నిటారుగా పట్టుకోవాలి.