మైనస్ మూడుకి మొక్కల మందు?

కావలిలో మా అక్క కూతురికి తొమ్మిదో తరగతికే సైటు మైనస్ మూడు. అద్దాలు మార్చిన ప్రతిసారీ మా అమ్మ అడిగేది ఒకటే: "దీనికి ఆకుపసరేదీ లేదంట్రా?" నేను నవ్వేసేవాణ్ణి. కాస్త చదివాక నవ్వు సగం తగ్గింది.

దూరం సరిగా కనబడని సైటులో జరిగేది కన్ను సాగడం. పెద్దవాళ్ల కన్ను ముందు నుంచి వెనక్కి దాదాపు 24 మిల్లీమీటర్లు. ఇంకొక్క మిల్లీమీటరు సాగిందా, మైనస్ రెండున్నర దాకా పడుతుంది. మామూలు అద్దాలు చూపును సరిచేస్తాయి గానీ సాగే కన్నును పట్టి ఆపలేవు.

కంటి తెల్లగోడ కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగుల అల్లిక. తైవాన్ పరిశోధకులు 2016లో ఎలకల్లాంటి హామ్‌స్టర్ల మీద చూపించింది ఇదీ: వాపును రెచ్చగొట్టే పదార్థం కంట్లో వేస్తే సైటు జోరుగా పెరిగింది, వాపును అణచే మందు వేస్తే నెమ్మదించింది. ఇక్కడ వాపంటే కన్ను ఎర్రగా ఉబ్బడం కాదు. కణాలు టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి రసాయనాలు వదులుతాయి. వాటి ప్రభావంతో ఆ అల్లిక వదులవుతుంది. తర్వాత రెస్వెరాట్రాల్‌ని కూడా హామ్‌స్టర్ల మీద పరీక్షిస్తే సైటు పెరగడం నెమ్మదించింది. ద్రాక్ష తొక్కలోనూ, మన శనక్కాయల్లోనూ ఉండేదే అది. అలాగని శనక్కాయలు తింటే సైటు ఆగదు. వాటిలో ఉండేది మరీ కొంచెం, అందులోనూ చాలా భాగాన్ని పేగులూ, కాలేయమూ మార్చేస్తాయి.

పిల్లల్లో నిజంగా పనిచేస్తున్న మొక్కల మందు మాత్రం ఒకటుంది: అట్రోపిన్. అది మన గట్ల మీద పెరిగే ఉమ్మెత్తలోనూ ఉంది. ఉమ్మెత్త అంటే ప్రకాశం పొగాకుకీ, మిరపకీ, వంగకీ చుట్టమే. మా ఊళ్లో ఒకాయన కలుపు పీకిన చేత్తో కన్ను నలుపుకున్నాడు. ఒక కంటిపాప మాత్రం చిక్కుడుగింజంత అయింది. ఎండలోకి వస్తే కన్ను తెరవలేకపోయాడు. హాంకాంగ్ పరీక్షల్లో ఇదే అట్రోపిన్‌ని 0.05 శాతానికి పలుచన చేసి చుక్కలుగా వేస్తే పిల్లల సైటు బాగా నెమ్మదించింది. తైవాన్ హామ్‌స్టర్లలో ఆ వాపు రసాయనాలు కూడా దీంతో తగ్గాయి.

ఇదంతా చెబితే అమ్మ, "అయితే నాలుగాకులు నీళ్లల్లో పిసికితే సరిపోదా?" అంది. అయిదు మిల్లీలీటర్ల సీసాలో అట్రోపిన్ రెండున్నర మిల్లీగ్రాములే ఉంటుందనీ, ఏ ఆకులో ఎంత విషముందో కంటితో తెలియదనీ చెప్పాను.

"సరే, ముందు పిల్లని కాసేపు ఎండలోకి పంపించు" అంది. చైనాలోని గ్వాంగ్‌జౌ బళ్లలో చేసింది కూడా అదే: బడి ఉన్న రోజుల్లో మరో 40 నిమిషాలు ఆరుబయట. మూడేళ్లలో కొత్తగా సైటు వచ్చినవాళ్లు మామూలు బళ్లలో 39.5 శాతమైతే, ఈ బళ్లలో 30.4 శాతమే.