కొలాయిడల్ సిల్వర్ తాగొచ్చా? అపోహలు – వాస్తవాలు

"డాక్టరు గారూ, వెండి నీళ్లు తాగితే ఇమ్యూనిటీ పెరుగుతుందట కదా?" చర్మవ్యాధుల ఓపీలో ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు. కొందరు ఆన్‌లైన్‌లో కొన్న డ్రాపర్ సీసా కూడా వెంట తెస్తారు. నీళ్లలో కంటికి కనిపించనంత సన్నని వెండి రేణువులు కలిపి ఉంచితే అదే కొలాయిడల్ సిల్వర్. వెండి ఉన్న మందులు నేనూ రాస్తాను, వాటి మేలు కళ్లారా చూశాను. నా అభ్యంతరమంతా దాన్ని తాగించడం మీదే.

అపోహ: వెండి క్రిముల్ని చంపుతుంది కాబట్టి తాగితే ఒంట్లోని ఇన్ఫెక్షన్ పోతుంది.

ఇందులో మొదటి సగం నిజం. వెండి అయాన్లు బ్యాక్టీరియా ఎంజైముల్లోని గంధకానికి అతుక్కుని వాటి పని ఆపేస్తాయి, దాని పైపొరనూ దెబ్బతీస్తాయి. 1880ల్లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో కార్ల్ క్రెడే అనే ప్రసూతి వైద్యుడు, పుట్టిన వెంటనే బిడ్డల కళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసే పద్ధతి తెచ్చాడు. తల్లి నుంచి సోకే గనేరియాతో చూపు పోగొట్టుకునే పసివాళ్లు దానివల్ల బాగా తగ్గారు. 1960ల్లో వచ్చిన 1% సిల్వర్ సల్ఫాడయజీన్ క్రీమ్ కాలిన గాయాలకు ఇప్పటికీ వాడుతున్నాం. పుచ్చుపళ్లకు పూసే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆవశ్యక మందుల జాబితాలో చేర్చింది.

ఇవన్నీ పైన వేసేవే. అక్కడ వెండి నేరుగా క్రిమికి తగులుతుంది. మింగినప్పుడు అలా జరగదు. కడుపులోని ఆమ్లంలో ఉండే క్లోరైడ్‌తో కలిసి చాలావరకు కరగని పదార్థంగా మారుతుంది, కొంత ప్రోటీన్లకు అంటుకుపోతుంది. ఎక్కువ భాగం మలంలో వెళ్లిపోతుంది. రక్తంలోకి చేరిన కాస్తా ఊపిరితిత్తుల్లోని క్రిమిని వెతుక్కుంటూ పోదు, చర్మంలో, కాలేయంలో పేరుకుంటుంది. అమ్మేవాళ్లు చూపించే ఆధారాలు చాలావరకు ల్యాబ్ ప్లేటులో చేసిన ప్రయోగాలు. ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మే కొలాయిడల్ సిల్వర్ మందుల్ని సురక్షితమైనవిగా, పనిచేసేవిగా గుర్తించడం లేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చింది. అయినా సప్లిమెంట్ పేరుతో అమ్మకాలు ఆగలేదు. 2020 మార్చిలో కరోనాకు మందని ప్రచారం చేసినవాళ్లకు అదే సంస్థ హెచ్చరిక లేఖలు పంపాల్సి వచ్చింది.

అపోహ: సహజమైన లోహమే కదా, సైడ్ ఎఫెక్టులు ఉండవు.

ఉంటాయి, అదీ శాశ్వతంగా. దాన్ని ఆర్జీరియా అంటారు. చర్మంలో చేరిన వెండి ఎండ తగిలినప్పుడు నల్లబడుతుంది. అందుకే ముఖం, మెడ, చేతులు ముందు బూడిద రంగుకో నీలికో తిరుగుతాయి. గోళ్ల మొదట్లో ఉండే అర్ధచంద్రాలు నీలంగా మారతాయి, చిగుళ్లు సీసం రంగులోకి వస్తాయి. మన చామనఛాయ ఒంటి మీద ఇది ఎండకు కమిలినట్టే కనిపిస్తుంది, సులువుగా పొరబడతాం. అందుకే నేను గోళ్లు, చిగుళ్లు తప్పకుండా చూస్తాను. నీలిరంగు చూసి ఆక్సిజన్ తగ్గిందేమోనని గుండె డాక్టరు దగ్గరికి పరుగెత్తేవాళ్లూ ఉంటారు, కానీ వేలికి ఆక్సిమీటర్ పెడితే అంకె మామూలుగానే వస్తుంది. చర్మం చిన్న ముక్క తీసి మైక్రోస్కోపులో చూస్తే చెమట గ్రంథుల చుట్టూ సన్నని నల్లటి రేణువులు కనిపిస్తాయి. వెనుక చీకటిగా ఉంచి చూసే డార్క్ ఫీల్డ్ వెలుగులో అవే నక్షత్రాల్లా మెరుస్తాయి.

ఏ క్రీమూ ఈ రంగును పోగొట్టదు. కొన్ని లేజర్లతో కొంతమందిలో తగ్గింది గానీ ఒళ్లంతా చేయించుకోవడం నొప్పితో, ఖర్చుతో కూడిన పని. అమెరికాలోని మోంటానాలో స్టాన్ జోన్స్ అనే రాజకీయ నాయకుడు 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోయి యాంటీబయాటిక్స్ దొరకవేమోనన్న భయంతో ఇంట్లోనే వెండి నీళ్లు తయారుచేసుకుని తాగాడు. ఆ భయం నిజం కాలేదు, చర్మం మాత్రం నీలిబూడిద రంగుకు తిరిగింది.

అపోహ: నానో రకం, స్వచ్ఛమైనది తాగితే రంగు మారదు.

ఇంట్లో కరెంటుతో తయారుచేసుకున్న "స్వచ్ఛమైన" వెండి నీళ్లతోనే రంగు మారినవాళ్లున్నారు. రేణువు ఎంత చిన్నదైనా లోపల చేరేది వెండే. అమ్మేవాళ్లు చెప్పే లెక్క ఒకటుంది: 10 పీపీఎం అంటే లీటరుకు 10 మిల్లీగ్రాములు, 5 మిల్లీలీటర్ల చెంచాలో 50 మైక్రోగ్రాములు. అమెరికా పర్యావరణ సంస్థ రోజుకు కిలో బరువుకు 5 మైక్రోగ్రాముల పరిమితి పెట్టింది కాబట్టి 60 కిలోల మనిషికి 300 దాకా ఫర్వాలేదంటారు. లెక్క తప్పు కాదు. కానీ ఆ పరిమితి ప్రమాదం గురించి చెబుతుంది, ప్రయోజనం గురించి కాదు. పైగా ఇంట్లో తయారుచేసినదానిలో ఎంత వెండి ఉందో ఎవరు కొలుస్తారు? జలుబు చేసిందని చెంచాకు బదులు గ్లాసు తాగితే?

అపోహ: వెండి ఉగ్గుగిన్నెతో పాలు పట్టలేదా, ఇదీ అంతే.

అంతే కాదు. ఉగ్గుగిన్నె నుంచి పాలలోకి దిగే వెండి అత్యల్పం. దాన్ని శుభ్రంగా కడిగి వాడుకోండి, భయపడనక్కర్లేదు. మా అమ్మమ్మ గిన్నెతోనే మా ఇంట్లో పిల్లలకు పట్టాం. కానీ వెండి రేణువుల్నే సీసాలో నింపి రోజూ తాగించే పనికి ఆ ఆచారాన్ని సాక్ష్యంగా తేకండి. ఆయుర్వేదంలోని రజత (వెండి) భస్మం తయారీ వేరు, దాని పేరు చెప్పి దీన్ని అమ్మడమూ సరికాదు.

అపోహ: పైపూతైతే ఎవరికైనా, ఎంతకాలమైనా ఫర్వాలేదు.

సల్ఫా మందులు పడనివారికి, నెలలు నిండని శిశువులకు సిల్వర్ సల్ఫాడయజీన్ వాడకూడదు. చిన్న కాలిన గాయం మానడాన్ని అది ఆలస్యం చేస్తుందన్న వాదనకు ఆధారాలు వచ్చాయి, చాలాచోట్ల ఇప్పుడు కొత్త రకం డ్రెస్సింగులు ఎంచుకుంటున్నారు. వెండికి లొంగని బ్యాక్టీరియాలూ ఉన్నాయి.

ఇప్పటికే తాగుతున్నవాళ్లకు ఒక మాట. ఈ నీళ్లు థైరాక్సిన్ మాత్రను, టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వవు. థైరాయిడ్ మాత్ర రోజూ వేసుకుంటున్నా థైరాయిడ్ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ అంకె కిందికి రావడం లేదంటే ఈ సీసా సంగతి మీ డాక్టరుకు తప్పకుండా చెప్పండి. తిడతారని దాచొద్దు. తాగడం ఈరోజే ఆపేసి, సీసా వెంట తీసుకెళ్లండి. లేబుల్ మీద ఎన్ని పీపీఎం రాసి ఉందో, రోజుకు ఎంత, ఎన్నాళ్లు తాగారో మాకు తెలియాలి.