ధాత కరువు నాటి రూపాయి

తిరుపతి గుడి వీధుల్లో గుడ్డ పరిచి పాత నాణేలు అమ్మేవాళ్ళను విక్టోరియా రూపాయి అడిగితే, ‘రాణి రూపాయి, అచ్చ వెండి’ అంటూ వెదికి చేతిలో పెడతారు. కొనేవాళ్ళు బరువు చూస్తారు, వెండి రేటు లెక్కేస్తారు. సంవత్సరం చూసేవాళ్ళు తక్కువ.

నా దగ్గరున్న రూపాయి 1877 నాటిది, మా అవ్వ రూపాయల దండలోది. కొండి ఊడదీసిన చోట చిన్న టంకం ముద్ద ఇంకా అంచుకు అంటుకునే ఉంది. ఒకవైపు కిరీటం పెట్టుకున్న రాణి, చుట్టూ ‘విక్టోరియా ఎంప్రెస్’ అన్న అక్షరాలు. రెండోవైపు పూల తీగల మధ్య ‘వన్ రూపీ, ఇండియా, 1877’. రాణి బుగ్గ అరిగిపోయింది. ‘ఎంప్రెస్’ మాత్రం వేలితో తడిమితే ఇప్పటికీ తగులుతుంది.

అంతకుముందు ఏడాది రూపాయి మీద ఆ మాట లేదు, ‘క్వీన్’ అని ఉండేది. 1862 నుంచి పుష్కరం పాటు ఏ ఏడు కొట్టిన రూపాయి మీదైనా 1862 అనే వేసేవాళ్ళు. 1874 నుంచే అసలు సంవత్సరం వేయడం మొదలైంది. అందువల్లే ఈ మార్పు మన కంటికి కనిపిస్తోంది. 1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో దర్బారు పెట్టి, విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించాడు. ఆ బిరుదే నాణెం మీదికి ఎక్కింది.

సరిగ్గా అప్పుడే మన వైపు జనం ఆకలితో పడిపోతున్నారు. 1876లో వానలు లేవు. అది ధాత నామ సంవత్సరం కాబట్టి మన పెద్దవాళ్ళ నోట ధాత కరువు అయింది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. కరువు నాటికి చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్య పట్టణం, మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. రేణిగుంట మీదుగా రాయచూరు దాకా రైలు 1871 నాటికే నడుస్తోంది. ధాన్యం మోసుకురావడానికి దారి ఉంది. పెరిగిన ధరకు కొనడానికి కూలివాడి చేతిలో డబ్బు లేదు. మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూకు ఆ కరువు మధ్యలోనే ఢిల్లీ వేడుకకు వెళ్ళాడు. ఇది చదివిన ప్రతిసారీ నాకు కడుపు రగులుతుంది.

దర్బారు ముగిసిన నెలలోనే ఖర్చు తగ్గించమని సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని మద్రాసుకు పంపారు. కరువు పనుల్లో రోజంతా రాళ్ళు కొట్టే మగవాడికి ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, పైన ఒక అణా చాలని ఆయన తేల్చాడు. ఆడవాళ్ళకు, పిల్లలకు ఇంకా తక్కువ. ఆ తిండితో మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్, అంటే ప్రజారోగ్యం చూసే అధికారి, డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. మార్చిలో దాన్ని 570 గ్రాములకు పెంచి కాస్త పప్పు కలిపారు. 1878 దాకా సాగిన ఆ కరువులో దక్షిణాదిన, దక్కనులో చనిపోయినవాళ్ళు 50 లక్షలకు పైనే.

అణా బిళ్ళ అప్పటికింకా లేదు. అణా అంటే నాలుగు రాగి కాణీలు. వాటి మీదా ఆ రాణి బొమ్మే.

నన్ను ఎక్కువగా పట్టి లాగేది మాత్రం రూపాయిలోని వెండి. కరువు ముదిరేసరికి జనం కడియాలు, మొలతాళ్ళు అమ్ముకున్నారు. ఆ ఏళ్ళలో ఇళ్ళలోని వెండి నగలు పెద్ద ఎత్తున బొంబాయి టంకశాలకు చేరాయి, కరిగి రూపాయలయ్యాయి. మద్రాసు టంకశాల 1869లోనే మూతపడింది. మిగిలినవి కలకత్తా, బొంబాయి. 1877 అంకెల కింద చిన్న చుక్క ఉంటే అది ఎక్కువగా బొంబాయిదే. నా రూపాయికి ఆ చుక్క ఉంది. ఏ తల్లి కాళ్ళ కడియమో ఇందులో కలిసి ఉండొచ్చు.

ఇలాంటి నాణెం ఇంట్లో పెట్టుకోవడం అరిష్టం, కరిగించి పట్టీలు చేయించుకో అని మా ఇంట్లోనే అన్నారు. నాకు మనసొప్పలేదు. కరిగిస్తే మిగిలేది 11.66 గ్రాముల లోహమే, ఆ సంవత్సరం పోతుంది. చింతపండు పెట్టి తోమడమూ అంతే, అక్షరాల అంచులు అరిగిపోతాయి. జర్మనీలో హిట్లర్ పార్టీ వాడిన స్వస్తిక గుర్తును బయట ప్రదర్శించడం నేరం, చరిత్ర చెప్పడానికీ చదువుకూ మినహాయింపు ఉంది. ఆ గుర్తున్న హిట్లర్ కాలం నాణేలు దాచేవాళ్ళు అక్కడా ఉన్నారు. దేనికోసం దాస్తున్నామన్నదే ముఖ్యమని నేననుకుంటాను.

కొనేవాళ్ళకు రెండు జాగ్రత్తలు. పాత నాణేనికి లక్షలిస్తామంటూ తన పేరు వాడుకుని ఫీజులు గుంజే మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు 2021లోనే హెచ్చరించింది. పొలంలో దున్నుతుంటే పాత నాణేల కుండ దొరికితే కలెక్టరుకు చెప్పాలి. ఆ నిధి నిక్షేపాల చట్టం వచ్చింది 1878 ఫిబ్రవరిలో, ఆ కరువు ఇంకా తీరకముందే.

నా ఆల్బంలో 1876 ‘క్వీన్’ రూపాయి, 1877 ‘ఎంప్రెస్’ రూపాయి పక్కపక్కన ఉన్నాయి. వాటి కింద నాలుగు కాణీలు పెట్టాను. చూడ్డానికి వచ్చిన పిల్లల చేతిలో ముందు ఆ నాలుగింటినే పోస్తాను. దాదాపు 26 గ్రాముల రాగి. ధాన్యం కాక, రాళ్ళు కొట్టినందుకు ఆ రోజు చేతికొచ్చేది అంతే.