క్రూయిజ్ బుకింగ్: ఏజెంటు దగ్గరా, సొంతంగానా? కొన్ని అపోహలు, అసలు సంగతులు

మొన్నామధ్య గాజువాక నుంచి ఒక పెద్దాయన వచ్చారు, స్టీల్ ప్లాంటులో చేసి రిటైరైన మనిషి. విశాఖ డాబాగార్డెన్స్‌లో మా ఆఫీసు మేడ మీద ఉంటుంది. మెట్లెక్కిన ఆయాసం తీరకముందే, కుర్చీలో కూర్చోకముందే, ఫోనులో ఒక వెబ్‌సైట్ స్క్రీన్‌షాట్ తీసి నా ముందు పెట్టారు. "చూడు బాబూ, సింగపూర్ ఓడకి నువ్వు చెప్పిన రేటుకీ ఇక్కడ చూపిస్తున్నదానికీ మనిషికి 18 వేలు తేడా. ఇదంతా నీ కమీషనేనా?"

వారంలో రెండుసార్లయినా ఎవరో ఒకరు నన్ను ఈ ప్రశ్న అడుగుతారు. అడగడంలో తప్పేం లేదు, డబ్బు వాళ్లది. ఇరవై ఏళ్లుగా టికెట్ల పనిలో ఉన్నాను, క్రూయిజ్‌లు, అంటే ఓడ విహారయాత్రలు, అమ్మడం మొదలుపెట్టి పదేళ్లు దాటింది. నేనూ ఏజెంటునే కాబట్టి నా మాట కాస్త నా వైపే మొగ్గుతుందని అనుకునే చదవండి, పర్లేదు.

అపోహ: ఏజెంటు దగ్గర కొంటే వాళ్ల కమీషన్ మన నెత్తిన పడుతుంది.

వాస్తవం: ఓడ కంపెనీ రేటు వేసేటప్పుడే అమ్మేవాడి వాటా అందులో కలిపేస్తుంది. మీరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొన్నా మామూలుగా అదే రేటు, కాకపోతే ఆ వాటా కంపెనీకే మిగులుతుంది. మాకు వచ్చేది సాధారణంగా అసలు ఛార్జీ మీద 10 శాతం, ఎక్కువ అమ్మే పెద్ద ఏజెన్సీలకు ఇంకాస్త. పోర్టు ఛార్జీలు, పన్నులు, ఓడ సిబ్బందికిచ్చే టిప్పుల మీద మాకు పైసా రాదు. ఈ అపోహ విమాన టికెట్ల దగ్గర పుట్టింది. విమాన కంపెనీలు కమీషన్ దాదాపు ఎత్తేశాక మేం సర్వీస్ ఛార్జీ తీసుకోవడం మొదలుపెట్టాం, జనం అదే లెక్క ఓడకీ వేసేశారు. అలాగని ఏజెంట్లందరూ సత్యహరిశ్చంద్రులని చెప్పను. కంపెనీ రేటు మీద తమది ఐదారు వేలు గుట్టుగా కలిపేసేవాళ్లూ ఉన్నారు. అందుకే మొత్తం కలిపి ఒకే అంకె చెబితే ఒప్పుకోకండి. అసలు ఛార్జీ ఎంత, పోర్టు ఛార్జీలు ఎంత, టిప్పులు ఎంత, జీఎస్టీ ఎంత అని విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. రాసివ్వడానికి నసిగితే లేచి వచ్చేయండి.

ఇక పెద్దాయన స్క్రీన్‌షాట్ సంగతి. ఇద్దరం కూర్చుని అదే వెబ్‌సైట్ తెరిచి డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లాం. మొదటి పేజీలో కనిపించిన రేటులో పోర్టు ఛార్జీలు లేవు, పన్నులు లేవు, రోజువారీ టిప్పులు లేవు. పైగా అది గ్యారంటీ గది. పేరు చూసి మోసపోకండి, ఓడలో ఒక గది ఇస్తామన్నదే ఆ గ్యారంటీ, ఎక్కడిస్తామన్నది కాదు. మిగిలింది ఏదైతే అది ఇస్తారు. నేను చెప్పిన రేటు ఓడ నడిమధ్యన, కింది అంతస్తులో ఉన్న గదికి, ఎందుకంటే వాళ్లావిడకు సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కితేనే కళ్లు తిరుగుతాయని ఆయనే చెప్పారు, ఓడ ఊపు తక్కువగా తెలిసేది అక్కడే. గ్యారంటీ గది ఓడ ముక్కు చివరన పడొచ్చు, అర్ధరాత్రి దాకా డాన్సులాడే హాలు కింద పడొచ్చు. పడ్డాక మార్చమంటే వినేవాళ్లుండరు.

మూడోది కార్డు. ఆ ధర డాలర్లలో ఉంది. విదేశీ కరెన్సీలో కడితే చాలా క్రెడిట్ కార్డులు 3.5 శాతం దాకా అదనంగా తీసుకుంటాయి, ఆ అదనం మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. లక్షన్నర బిల్లుకి 5,250, దాని మీద 945, వెరసి 6,195 రూపాయలు. ఇది ఏ స్క్రీన్‌షాట్‌లోనూ ఉండదు, వచ్చే నెల స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. క్యాలిక్యులేటర్ ఆయన చేతికే ఇచ్చి కొట్టమన్నాను. 18 వేలు కాస్తా మనిషికి వెయ్యి లోపుకి దిగింది. "సర్లే బాబూ" అని లేచి వెళ్లారు. నా దగ్గర కొనలేదు, అమెరికాలో ఉన్న అబ్బాయితో కొనిపించారు.

అపోహ: అమెరికాలో మనవాళ్లెవరైనా కొనిపెడితే చవక, మనకి టెన్షన్ ఉండదు.

వాస్తవం: ఒక్కోసారి చవకే, కాదనను. ఒకే ఓడకి ఒక్కో దేశంలో ఒక్కో ఆఫర్ నడుస్తుంది. కానీ వాటిలో కొన్ని ఆ దేశంలో ఉండేవాళ్లకు మాత్రమే, చెకిన్ దగ్గర అక్కడ ఉంటున్నట్టు రుజువు అడుగుతారు. ఇంకో సంగతి, బుకింగ్ ఎవరు చేశారో కంపెనీ వాళ్లతోనే మాట్లాడుతుంది. ఇది చాలామందికి తెలియదు, అవసరం పడే రోజు దాకా.

నెల తర్వాత పెద్దాయన మళ్లీ మెట్లెక్కారు. ఈసారి ఫోనుతో పాటు పాస్‌పోర్టులు కూడా ఉన్నాయి. వాళ్లావిడ పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. పేరు మొత్తం గివెన్ నేమ్ గడిలోనే ఉంది, ఇంటిపేరు ఒక్క అక్షరంగా కూడా లేదు. మన తెలుగువాళ్ల పాత పాస్‌పోర్టుల్లో ఇది మామూలే. అబ్బాయి అక్కడి అలవాటు ప్రకారం అమ్మ పేరు చివర ఇంటిపేరు తగిలించి బుక్ చేశాడు. వీసా మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే వచ్చింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇద్దరు వేరువేరు మనుషుల్లా ఉన్నారు. "నువ్వు సరిచేసెయ్ బాబూ, నీ ఫీజు ఇచ్చేస్తాను" అన్నారు. డబ్బు తీసుకుని చేయడానికి నా చేతిలో ఏం లేదు. ఆ బుకింగ్ నాకు కనిపించను కూడా కనిపించదు. చివరికి అబ్బాయే అక్కడి కాల్ సెంటర్‌కి ఫోను చేసి, గంటకు పైగా లైన్లో ఉండి మార్పించాడు.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. నా దగ్గర కొన్నవాళ్లు నేరుగా కంపెనీకి ఫోను చేస్తే "మీ ఏజెంటును అడగండి" అంటారు. అంటే ఫోనెత్తని ఏజెంటు చేతిలో పడితే సొంతంగా కొన్నదానికంటే కష్టం. కాబట్టి డబ్బు కట్టేముందు ఒక ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఆ ఏజెంటుకు ఏదో ఒక వంకతో ఫోను చేసి చూడండి. నాకూ చేయండి, తిట్టుకుంటాను గానీ ఎత్తుతాను.

పేరు గొడవ ఎటూ వచ్చింది కాబట్టి, దుబాయ్ నుంచి క్రూయిజ్ ఎక్కాలనుకునేవాళ్లు ఇంకా జాగ్రత్త. పాస్‌పోర్టులో ఒకే ఒక్క మాట పేరుగా ఉన్నవాళ్లను విజిటర్లుగా రానివ్వబోమని యూఏఈ 2022 నవంబర్‌లో ప్రకటించింది. తర్వాత పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే పర్లేదని సడలించారు. ఓడ టికెట్ కొనే ముందే ఇది చూసుకోవాలి.

అపోహ: ఏజెంటు టీసీఎస్ (అమ్మేవాడే ముందుగా వసూలు చేసే పన్ను) పేరుతో డబ్బు గుంజుతున్నాడు.

వాస్తవం: అది మాకు మిగిలేది కాదు. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మితే ఆదాయపు పన్ను శాఖ తరఫున మేం వసూలు చేసి కట్టాలి. 2023 అక్టోబర్ నుంచి 7 లక్షల దాకా 5 శాతం, ఆపైన 20 శాతం ఉండేది. 2025 ఏప్రిల్‌లో ఆ 7 లక్షల్ని 10 లక్షలు చేశారు. బడ్జెట్ వచ్చినప్పుడల్లా కదులుతోంది కాబట్టి కట్టే రోజున రేటు అడగండి. ఆ డబ్బు మీ పాన్ మీద ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది, రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు లేదా వెనక్కి తెచ్చుకోవచ్చు. "నాకు పన్ను పడదుగా" అని రిటర్ను వేయని పెన్షనర్లు దాన్ని ప్రభుత్వానికే వదిలేస్తున్నారు. కంపెనీ విదేశీ సైట్‌లో క్రెడిట్ కార్డుతో కొంటే ఈ వసూలు ఉండదు, నిజమే. ఈ ఒక్క విషయంలో సొంతంగా కొన్నవాళ్లకి చేతిలో డబ్బు ఆడుతుంది.

అపోహ: కంపెనీ దగ్గర నేరుగా కొంటే మన డబ్బుకి ఢోకా లేదు, ఏజెంటు ఎప్పుడు బోర్డు తిప్పేస్తాడో తెలియదు.

వాస్తవం: ఏజెంటు బోర్డు తిప్పేయొచ్చు, అది నిజం. నేనే దెబ్బతిన్నాను. క్రూయిజ్‌లకు కొత్తలో వేరే ఊళ్లో ఉన్న ఒక హోల్‌సేల్ ఏజెంటు ద్వారా నాలుగు గదులు బుక్ చేశాను. వాళ్లు పంపిన కన్ఫర్మేషన్ నంబరు చూసి నిశ్చింతగా ఉన్నాను. ప్రయాణం ఇరవై రోజులుందనగా తెలిసింది, అది వాళ్ల సొంత నంబరేనని, ఓడ కంపెనీకి ఇంకా రూపాయి వెళ్లలేదని. గదులు మళ్లీ కొన్నాను, ఆ రోజు రేటుకి, నా జేబులోంచి. అప్పటి నుంచి మా ఆఫీసులో ఒకటే పద్ధతి: ఓడ కంపెనీ ఇచ్చిన బుకింగ్ నంబరు కస్టమర్ చేతికిస్తాం, మా ముందే కంపెనీ వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో కొట్టి తన పేరు, గది, కట్టిన మొత్తం చూసుకున్నాకే బయటికి పంపిస్తాం. మీరెక్కడ కొన్నా ఇది చేయండి.

కంపెనీ అయితే మునగదనుకోవడం కూడా భ్రమే. ముంబై నుంచి 2019లో హడావిడిగా మొదలైన జలేశ్ క్రూయిజెస్ 2020 అక్టోబర్‌కల్లా మూతపడింది, వాళ్ల కర్ణిక ఓడ అలంగ్‌లో తుక్కుకి పోయింది. డ్రీమ్ క్రూయిజెస్ నడిపిన జెంటింగ్ హాంకాంగ్ 2022 జనవరిలో చేతులెత్తేసింది. కరోనా దెబ్బ ఇది, కానీ పోయినప్పుడు నేరుగా కొన్నవాళ్లూ మాలాంటివాళ్లూ ఒకే వరసలో నిలబడ్డారు.

అపోహ: ఓడ టికెట్ ఉంటే వీసాలు, కాగితాలు వాళ్లే చూసుకుంటారు.

వాస్తవం: చూసుకోరు. కాగితం లేకపోతే ఎక్కనివ్వరు, డబ్బూ ఇవ్వరు. మలేషియా 2023 డిసెంబర్ నుంచి మనకు వీసా లేకుండా రానిస్తోంది కాబట్టి మలేషియా వెళ్లొచ్చే ఓడకి వీసా అక్కర్లేదనుకుని ఒక కుర్రాడు సింగపూర్ వీసా సంగతే మర్చిపోయాడు. ఓడ ఎక్కేది సింగపూర్‌లో! అలాగే యూరప్ క్రూయిజ్ మధ్యలో టర్కీలో ఆగుతుందంటే షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల గుంపు) దాటి బయటికి వెళ్లి మళ్లీ లోపలికి వస్తున్నట్టే, సింగిల్ ఎంట్రీ వీసా చాలదు. 24 వారాలు నిండిన గర్భిణుల్ని చాలా కంపెనీలు ఎక్కించుకోవు, ఆరు నెలల్లోపు పసివాళ్లనీ అంతే. సొంతంగా కొన్నప్పుడు ఇవన్నీ షరతుల పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటాయి, మనం చదవకుండానే టిక్కు పెట్టేస్తాం. ఏజెంటు దగ్గరైతే అడిగి తెలుసుకోవాల్సిన బాధ్యత ఆయనది. అడగకుండానే రేటు చెప్పేశాడంటే ఆయన కూడా ఆ పేజీ చదవలేదన్నమాట.

ఇప్పుడు మా వ్యాపారంలో వాళ్లకి నచ్చనిది ఒకటి చెప్తాను.

అపోహ: ఏ క్రూయిజ్ అయినా ఏజెంటు ద్వారానే కొనాలి.

వాస్తవం: అక్కర్లేదు. చెన్నైలో ఎక్కి రెండు రాత్రులు సముద్రంలో తిరిగి మళ్లీ చెన్నైలోనే దిగే కార్డేలియా కంపెనీ ట్రిప్పుకి ఇద్దరు కుర్రాళ్లు నా దగ్గరికి వస్తే సైట్ చూపించి పంపించేస్తాను. వీసా లేదు, డాలర్లు లేవు, గది ఎక్కడున్నా వాళ్లు అందులో నిద్రపోయేది లేదు. అదే మూడు కుటుంబాలు, అందులో మోకాళ్ల నొప్పుల బామ్మ, ఉల్లీ వెల్లుల్లీ తినని మామయ్య, పక్కపక్క గదులు కావాలి అంటే మటుకు రండి. ఇంకా పెద్ద గుంపైతే అడగాల్సింది ఇంకోటి ఉంది: చాలా కంపెనీలు ఎనిమిది గదులు, అంటే పదహారు మందికి, ఒక మనిషి అసలు ఛార్జీ మినహాయిస్తాయి. అది మీకు పంచుతాడా, తన దగ్గరే ఉంచుకుంటాడా అని ఏజెంటును మొహం మీదే అడగండి. రేటు తగ్గినప్పుడు కూడా అంతే. చివరి వాయిదా మామూలుగా ప్రయాణానికి 60 నుంచి 90 రోజుల ముందు కట్టాలి. ఆలోపు కంపెనీ రేటు తగ్గిస్తే చాలాసార్లు కొత్త రేటుకి మార్పించుకోవచ్చు, కానీ అడిగినవాడికే. సొంతంగా కొంటే చూసుకోవాల్సింది మీరు.

అపోహ: కాగితంలో రాసిన ఊళ్లన్నీ చూపిస్తారు, లేకపోతే డబ్బు వాపసు.

వాస్తవం: 2022 జూన్‌లో కార్డేలియా వాళ్ల ఎంప్రెస్ ఓడ మన విశాఖకి వచ్చినప్పుడు బీచ్ రోడ్డంతా దాని ఫొటోలే. అదే ట్రిప్పులో తర్వాతి మజిలీ పుదుచ్చేరి. అక్కడి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు, జనం ఒడ్డుని దూరం నుంచి చూసి వెనక్కి వచ్చారు. వాతావరణమో, అనుమతులో, ఏదైనా సరే ఒక పోర్టు వదిలేసే హక్కు కంపెనీకి ఉందని షరతుల్లో ఉంటుంది. అలాంటప్పుడు ఆ ఊరి పోర్టు ఛార్జీలు తిరిగి వస్తే గొప్ప. ఇక్కడ ఏజెంటైనా సొంతమైనా ఒకటే, నేను కూడా చేసేదేం లేదు.

అపోహ: మనకే క్రూయిజ్ టెర్మినల్ కట్టారుగా, ఇక్కడే ఎక్కి సింగపూర్ వెళ్లిపోవచ్చు.

వాస్తవం: టెర్మినల్ ఉంది. గ్రీన్ ఛానల్ బెర్త్ దగ్గర దాదాపు 96 కోట్లు పెట్టి కట్టారు, 2023 సెప్టెంబర్‌లో ప్రారంభించారు. 2024 ఏప్రిల్‌లో ది వరల్డ్ అనే ఓడ వచ్చింది, అది కూడా వాళ్ల ప్రయాణికులు ఊరు చూసి పోవడానికి. మనం ఇక్కడే ఎక్కి విదేశాలకు పోయే రెగ్యులర్ సర్వీసు మాత్రం లేదు. "త్వరలో వస్తుంది, ఇప్పుడే అడ్వాన్సు కట్టండి" అని ఎవరైనా అంటే, నా తోటి ఏజెంటైనా సరే, కట్టకండి.

మన పోర్టు నుంచి అండమాన్ వెళ్లే ఓడ వేరు, దానికీ క్రూయిజ్‌కీ సంబంధం లేదు. అది అండమాన్ ప్రభుత్వం వాళ్ల ప్రయాణికుల ఓడ, దాదాపు నెలకోసారి ఉంటుంది, రెండున్నర మూడు రోజుల ప్రయాణం, క్యాబిన్లున్నాయి, బంకులున్నాయి. చవక, సముద్రం బాగా చూడొచ్చు, నాకైతే ఇష్టం కూడా. ఈ తేడా నేను ఎంత చెప్పినా చెవికెక్కించుకోని ఒక తమ్ముడు ఎక్కడో టికెట్ కొనుక్కుని ఎక్కేశాడు. డాల్ఫిన్స్ నోస్ దాటి సిగ్నల్ పోయేలోపు నాకు ఫోను: "అన్నా, ఇందులో స్విమ్మింగ్ పూల్ ఏ అంతస్తులో ఉంటాది?"