పురుగు ఏం తిన్నదో, బల్లి అదే తిన్నట్టు

తొలకరి పడిన రాత్రి హన్మకొండలో మా వాకిట్లోని ట్యూబ్‌లైట్ చుట్టూ ఉసిళ్లు ముసురుకుంటాయి. కాసేపటికి గోడ మీద బల్లులు చేరి, ఒక్కోటి తన జాగా పట్టుకుని కూర్చుంటాయి. నేను కుర్చీ వేసుకుని చూస్తూ ఉంటాను. నోట్లో రెక్క అడ్డం పడితే బల్లి తలను గోడకు అటూ ఇటూ రాసి, రెక్క ఊడగొట్టి మింగుతుంది. కంట్లో దుమ్ము పడితే నాలుక చాచి కంటినే నాకి శుభ్రం చేసుకుంటుంది. దానికి రెప్పలు లేవు మరి.

ఆ గుంపులో ఆడ బల్లి ఉంటే పొట్ట వైపు చూడండి. పల్చటి చర్మం లోంచి రెండు తెల్లటి గుడ్లు కనిపిస్తాయి. ఒక్కోసారి మెడకు రెండు పక్కలా సుద్దముక్క దాచుకున్నట్టు తెల్లటి ఉబ్బులు కూడా ఉంటాయి. చూసినవాళ్లు గడ్డలనుకుంటారు. అవి గడ్డలు కావు, కాల్షియం నిల్వలు. గోడ బల్లి గుడ్డుకు పెంకు కోడిగుడ్డు పెంకులాగా గట్టిగా ఉంటుంది. ఆ పెంకుకు కావలసిన సున్నాన్ని తల్లి ముందే మెడలోని సంచుల్లో పోగు చేసుకుంటుంది. అరచేతిలో ఇమిడే ప్రాణి తన ఒంట్లో సున్నం గురించి ఎంత జాగ్రత్త పడుతుందో ఆ రెండు తెల్ల మచ్చలు చూస్తే తెలుస్తుంది. బల్లిని పెంచాలనుకునే వాళ్లకు నేను మొదట చూపించేది అదే.

రెండేళ్ల కింద మా వీధిలో ఇంటర్ చదివే ఒక అబ్బాయి చెప్పుల డబ్బాలో తన లెపర్డ్ గెక్కోను పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. పసుపు ఒంటి మీద నల్ల చుక్కలతో, లావు తోకతో ఉండే బల్లి అది. దానికి రెప్పలున్నాయి. దాని శాస్త్రీయ నామం యూబ్లెఫారిస్‌లోనే చక్కటి రెప్పలది అనే అర్థం ఉంది. కాలివేళ్లకు అంటుకునే మెత్తలు లేవు కాబట్టి గోడ ఎక్కలేదు. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, మన దేశపు వాయవ్య ప్రాంతంలోని రాతి నేలలు దాని పుట్టిల్లు. డబ్బాలో ఉన్నది మాత్రం నడుస్తుంటే పొట్ట నేలకు రాసుకుంటోంది. ముందుకాళ్లు విల్లులా వంగాయి. కింది దవడ రబ్బరులా మెత్తబడింది.

"అంకుల్, పెట్టిన పురుగులన్నీ తింటది. ఆకలి మంచిగనే ఉంది. మరి కాళ్లెందుకు వంగినయి?" అని అడిగాడు. ఆ పిల్లవాడి ముఖంలో టెన్షన్ చూసి నాకు బాధేసింది. వాడు ప్రేమగానే పెంచాడు. అమ్మిన దుకాణంవాళ్లు మీల్‌వార్మ్‌లు, అంటే పెంపుడు జంతువుల మేతకు అమ్మే లార్వా పురుగులు, వేస్తే చాలన్నారట. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు.

తప్పు ఆకలి దగ్గర లేదు, పురుగు దగ్గర ఉంది. దుకాణంలో దొరికే కీచురాళ్లలో, మీల్‌వార్మ్‌లలో మాంసకృత్తులున్నాయి, కొవ్వుంది, ఫాస్ఫరస్ దండిగా ఉంది. కాల్షియం మాత్రం ఫాస్ఫరస్‌తో పోలిస్తే ఎన్నో రెట్లు తక్కువ. పురుగుకు ఎముకలుండవు కదా. బల్లికి రెండూ కనీసం సమానంగా అందాలి, కాల్షియం కాస్త ఎక్కువుంటే ఇంకా మంచిది. అలా అందకపోతే రక్తంలో కాల్షియం పడిపోతుంది. గుండె కొట్టుకోవడానికి, కండరం కదలడానికి కాల్షియం ఉండి తీరాలి. అందుకని ఒళ్లు తన ఎముకల్లోంచే దాన్ని తోడుకుంటుంది. మొదట దవడ మెత్తబడుతుంది, తర్వాత కాళ్లు వంగుతాయి, చివరికి వేళ్లు వణుకుతాయి. కడుపు నిండా తింటూనే బల్లి తన ఎముకలను తానే కరిగించుకుంటుంది.

కాల్షియం పొడి చల్లడం ఒక్కటే సరిపోదు. పేగు దాన్ని పీల్చుకోవాలంటే విటమిన్ డి3 కావాలి. గోడ బల్లులు రాత్రి తిరిగేవి, వాటికి ఎండ ఎక్కడిదని అడుగుతారు. 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇంటి బల్లిని, ఎండలో తిరిగే ఒక తొండ జాతిని పోల్చి చూశారు. కొద్దిపాటి అతినీలలోహిత కాంతి నుంచే ఇంటి బల్లి చర్మం విటమిన్ డి తయారు చేసుకోగలదని అందులో తేలింది. అద్దాల పెట్టెలో ఉన్న బల్లికి ఆ కాస్త వెలుతురు కూడా దొరకదు, ఎందుకంటే విటమిన్ డి తయారీకి కావలసిన యూవీ-బి అనే అతినీలలోహిత కిరణాలను మామూలు అద్దం ఆపేస్తుంది. కిటికీ పక్కన పెట్టాం కదా అనుకుంటే మోసపోతాం. పైగా ఎండ పడే కిటికీ దగ్గర అద్దాల పెట్టె పొయ్యిలా కాలుతుంది. సరీసృపాల కోసం తయారయ్యే యూవీ-బి దీపమైనా పెట్టాలి, డి3 కలిసిన పొడైనా వాడాలి. డి3 మోతాదు మించినా ప్రమాదమే. అందుకని ఎక్కువసార్లు ఉత్త కాల్షియం, మధ్యమధ్య డి3 కలిసినది, అప్పుడప్పుడు విటమిన్ ఎ ఉన్న మల్టీవిటమిన్ చల్లాలి. ఎన్ని రోజులకొకసారి అన్నది దీపం ఉందా లేదా, బల్లి వయసెంత అన్నదాన్ని బట్టి మారుతుంది. అది వెటర్నరీ డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

నన్నడిగితే పొడి కన్నా ముందు పని ఇంకొకటుంది. బల్లికి వేసే పురుగుకు ఒకటి రెండు రోజుల ముందు నుంచి మంచి తిండి పెట్టాలి. పురుగు కడుపులో ఏముందో అదే బల్లి కడుపులోకి పోతుంది. మన దగ్గర దీనికి మునగాకును మించినది నాకు కనిపించలేదు. కాల్షియం బాగా ఉంటుంది, ప్రతి వాడకట్టులో ఒక మునగ చెట్టు ఉంటుంది. క్యారెట్ తురుము, గుమ్మడి ముక్క కూడా పెట్టవచ్చు. పాలకూర, చుక్కకూర, గంగవాయిలి కూర మనకు ఎంత ఇష్టమైనా ఇక్కడ పనికిరావు. వాటిలోని ఆక్సలేట్ కాల్షియంను పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు.

చేలోంచి మిడతలు పట్టుకొచ్చి వేస్తే ఖర్చు తగ్గుతుందని కొందరంటారు. వరంగల్ చుట్టూ పత్తి, మిరప చేలు. మందు కొట్టని వారమంటూ ఉండదు. ఆ మందు మిడతను చంపకపోయినా, పది మిడతలు తిన్న బల్లిని చంపగలదు. దయచేసి ఆ పని చేయవద్దు. ఇంట్లో బొద్దింకల మందు కొట్టినా అంతే. మిణుగురులు అసలే వద్దు. అమెరికాలో మిణుగురులు తిని పెంపుడు తొండలు చనిపోయాయి. అక్కడి మిణుగురుల ఒంట్లో గుండెను దెబ్బతీసే విషం ఉంది.

ఇక వేడి సంగతి. బల్లి తన ఒంటి వేడిని తాను తయారు చేసుకోలేదు. తిన్నది అరగాలంటే బయటి వేడి కావాలి. లెపర్డ్ గెక్కోకు పెట్టెలో ఒక పక్క నేల 31 నుంచి 33 డిగ్రీలు, రెండో పక్క 25 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి. తిన్నాక వెచ్చటి పక్కకు పోయి పొట్ట నేలకు ఆనించి పడుకుంటుంది, చాలనిపిస్తే చల్లటి పక్కకు పోతుంది. డిసెంబరులో తెల్లవారుజామున మన గదులు చల్లబడతాయి. కరెంటు పోయి, పెట్టెను వెచ్చబెట్టే హీట్ మ్యాట్ ఆగిపోయిన రాత్రి పురుగులు వేస్తే అవి అరక్క కడుపులోనే కుళ్లుతాయి, బల్లి కక్కేస్తుంది. అలాంటి రోజు పస్తు పెట్టడమే మేలు. పెద్ద బల్లి తోకలో కొవ్వు దాచుకుని ఉంటుంది, ఒకటి రెండు రోజులకు దానికేమీ కాదు.

మే నెలలో కథ తిరగబడుతుంది. బయట 44 డిగ్రీలున్నప్పుడు పెట్టెలో చల్లటి పక్క అనేదే ఉండదు. ఎక్కడికి పోవాలో తెలియక బల్లి నోరు తెరిచి రొప్పుతుందంటే ప్రాణం మీదికి వచ్చిందన్నట్టే. హీట్ మ్యాట్ తీసేయాలి, పెట్టెను ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలో నేల మీద పెట్టాలి, నీళ్ల గిన్నె ఎండిపోకుండా చూడాలి. క్రెస్టెడ్ గెక్కో అనే ఇంకో జాతి ఉంది. న్యూ కలెడోనియా దీవులది. అంతరించిపోయిందనుకున్నాక 1994లో మళ్లీ కనిపించింది. పురుగులతో పాటు పండ్ల గుజ్జు కూడా తింటుందని కొందరు దానికి ముచ్చట పడతారు. 28 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం మొదలవుతుంది. వేసవంతా ఏసీ ఆపకుండా నడపగలిగిన వాళ్లు తప్ప వరంగల్‌లో ఎవరూ దాన్ని తేవద్దని నా అభిప్రాయం.

తిండి పెట్టేటప్పుడు పురుగు పొడవు బల్లి రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదు. పిల్ల బల్లులకు రోజూ, పెద్దవాటికి వారానికి రెండు మూడు సార్లు పెడితే సరిపోతుంది. మిగిలిన కీచురాళ్లను పెట్టెలో వదిలేస్తే రాత్రి అవే బల్లిని కొరుకుతాయి. నేల మీద ఇసుక పోయకండి. కాల్షియం తక్కువైన బల్లి ఇసుకను నాకి మింగుతుంది, పేగు మూసుకుపోతుంది. పేపర్ టవలు చాలు. కుబుసం విడవడానికి తేమ ఉన్న గూడు కావాలి. పగిలిన రంజన్ పెంకును బోర్లించి, దాని కింద తడి గుడ్డ పెడితే అంతకన్నా మంచి గూడు బజారులో దొరకదు. కుబుసం వదిలాక దాని వేళ్లు ఒక్కోటి చూడండి. పాత చర్మం దారంలా వేలికి చుట్టుకుని ఉండిపోతే రక్తం ఆడక ఆ వేలు రాలిపోతుంది.

పెంచుతున్నారని తెలియగానే ఇంట్లో పెద్దవాళ్లు బల్లి విషమంటారు. మన గోడ బల్లుల్లో గానీ లెపర్డ్ గెక్కోలో గానీ విషం లేదు. కానీ వాటి మలంలో సాల్మొనెల్లా బాక్టీరియా ఉండవచ్చు. పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, దాని గిన్నెలు వంటింటి సింకులో కడగకూడదు, ఐదేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వకూడదు. ఇంకో మాట. మన అడవుల బల్లులను పట్టి పెంచడం కుదరదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. విదేశీ జాతులు కొన్నింటిని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ వెబ్‌సైటులో నమోదు చేయాలని 2024లో నియమాలు వచ్చాయి. లెపర్డ్ గెక్కో మన దేశంలోనూ ఉన్న జాతి కాబట్టి కొనాలనే ఆలోచన ఉంటే డబ్బులిచ్చే ముందే అటవీ శాఖ ఆఫీసులో అడగండి.

ఆ అబ్బాయి బల్లిని డాక్టరుకు చూపించాం. ఎక్స్‌రేలో ఎముకలు పొగమంచులా మసకగా కనిపించాయి. కాల్షియం మందు, దీపం, మునగాకు మేసిన కీచురాళ్లతో నాలుగు నెలలకు దవడ గట్టిపడింది. వంగిన కాళ్లు మాత్రం వంకరగానే ఉండిపోయాయి, అవి ఇక సరికావు. అయినా పురుగును వెంటాడి పట్టుకుంటుంది. మొన్న వంటింటి త్రాసు మీద పెడితే 52 గ్రాములు తూగింది, తోక మెడంత లావైంది. ప్రతి ఆదివారం ఆ అబ్బాయి మా పెరట్లో మునగ రెమ్మ కోసుకుపోతాడు.